సాంచాకు పదకొండు రోగాలు

సిరిసిల్ల
21 జూన్ 2025

వనితకు,

మామ రాస్తున్నాను. నేనూ మీ సత్యవ్వ అత్తా బాగానే ఉన్నాం. నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ అత్తే ఎత్తుతుంది. నువ్వు పది మాటలు చెబితే నాకు రెండు చెబుతుంది, అవి కూడా తనకు నచ్చినవే. నలభై ఏళ్లు సాంచాల మోతలో ఉన్న చెవులు నావి. చెవి మిషన్ పెట్టుకుంటే మోత పెరుగుతుంది తప్ప మాట వినిపించదు. అందుకని మనకు ఉత్తరాలే నయం. సాంచా అంటే మరమగ్గమని మీ కోరుట్లలో ఎంతమందికి తెలుసో గానీ, నీకు తెలుసు కదా, అది చాలు.

సంగతేమిటంటే, భూమయ్య కార్ఖానాలో ఎనిమిది సాంచాలు ఉన్నాయి. పదో తేదీన మూడో సాంచాలో, అడ్డపోగు లాక్కుంటూ అటూ ఇటూ పరుగెత్తే నాడె అవతలి పెట్టెదాకా సరిగ్గా పోవడం లేదట. ఇదివరకైతే వెంటనే నాకు కబురు వచ్చేది. ఈ గల్లీల్లో ఏ సాంచాకు రోగం వచ్చినా మరమ్మతు చేసే జాబర్‌ను నేనే కదా. ఈసారి కబురు రాలేదు. భూమయ్య ఫోన్లో ఒక యాప్ ఉంది. రోగం చెబితే మందు చెబుతుందట. నాడెను కొట్టే దెబ్బ పెంచమని చెప్పింది. సాంచా నడిపే శ్రీధర్ అలాగే పెంచాడు. నాలుగో దెబ్బకు నాడె పెట్టె దాటి పైకి లేచి శ్రీధర్ ఎడమ కంటికి తగిలింది. నాడెకు రెండు కొసలా ఇనుప ములుకులుంటాయి, నీకు తెలుసు.

హైదరాబాద్ తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. సెప్టెంబర్లో ఇంకొకటి చేస్తే గానీ చూపు ఉంటుందో పోతుందో చెప్పలేమన్నారట. శ్రీధర్‌కు ముప్పై ఆరేళ్లు. ఒక్కడే నాలుగు సాంచాలు చూసుకుంటాడు. ఒంటి కంటి మనిషిని సాంచాల మధ్య ఎవరు నిలబడనిస్తారు?

నువ్వు కంప్యూటర్ పని చేసేదానివి కనుక అడుగుతున్నాను. ఇలాంటివి ఎవరు రాస్తారు? వాడు ఏనాడైనా సాంచా ముందు నిలబడ్డాడా? పేరూ ఊరూ కనుక్కుని రాయి. నేనే వెళ్లి అడుగుతాను.

మీ మామ,
ఐలయ్య


కోరుట్ల
30 జూన్ 2025

మామా,

నీ ఉత్తరం అందింది. శ్రీధర్ సంగతి చదివి చాలా బాధ కలిగింది. ఇప్పుడు ఎలా ఉన్నాడు? నొప్పి తగ్గిందా? ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు?

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మా అత్తమ్మ పసుపు విత్తనం పెట్టించే హడావిడిలో ఉంది. నన్ను కూడా పొలానికి రమ్మంటుంది. మీటింగు ఉందంటే, 'గా డబ్బాల మొకం పెట్టుడు ఒక పనేనా' అంటుంది. మా ఆయన వేణు మస్కట్ నుంచి వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు, బాగానే ఉన్నాడు.

నువ్వు అడిగిన దానికి జవాబు అంత సులువు కాదు. అలాంటి యాప్‌ను ఒక్క మనిషే కూర్చుని రాయడం ఇప్పుడు తక్కువ. ప్రోగ్రాములు రాసేవాళ్లకు కంప్యూటర్లోనే ఒక ఏఐ సహాయకుడు ఉంటాడు. మనం చెబితే ప్రోగ్రాం వాడే రాస్తాడు. వాడికి లోకంలో చాలా తెలుసు గానీ ఫలానా పని ఫలానా చోట ఎలా చేస్తారో తెలియదు. అందుకని ఆ పని తెలిసినవాళ్లు వివరంగా ఒక కాగితం రాసిపెడతారు. దాన్ని స్కిల్ అంటారు. వాడు అది చదివి ఆ పద్ధతిలోనే నడుచుకుంటాడు. అలా రాసినవన్నీ అందరికీ అందేలా ఒకచోట పెడతారు, దాన్ని రిపాజిటరీ అంటారు. ఎవరు పెట్టింది ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అందువల్ల తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పడం కష్టం. యాప్ చేసినవాళ్లది కావచ్చు, వాడుకున్నవాళ్లది కావచ్చు.

జగిత్యాలలో మా ప్రోగ్రామర్ల బృందం ఆదివారాలు కలుస్తుంది. అక్కడ అడిగి చూస్తాను. నీ ఆరోగ్యం జాగ్రత్త. బీపీ మాత్ర మానకు.

వనిత


సిరిసిల్ల
9 జూలై 2025

వనితకు,

నేను అడిగింది పేరు. నువ్వు రాసింది పాఠం.

శ్రీధర్ ఇంటికి వచ్చాడు. కంటికి కట్టు ఉంది. రెండుసార్లు వాళ్ల గల్లీ దాకా పోయి తిరిగి వచ్చాను. అతని భార్య విజయ మా ఇంటికి వచ్చి, 'మామను పిలువక పోతిమి, గది మా తప్పు' అని అత్తతో అందట. అత్త నాకు చెప్పిన రెండు మాటల్లో అదొకటి.

పేరు కనుక్కో.

మామ


జగిత్యాల
20 జూలై 2025, ఆదివారం

మామా,

ఆ పేరు నాదే.

ఇది ఎలా రాయాలో తెలియక ఇరవై రోజులుగా కాగితం ముందు పెట్టుకుని లేస్తున్నాను. ఇవాళ మా బృందం గదిలో అందరూ భోజనానికి వెళ్లారు. వాళ్లు వచ్చేలోగా రాసి పోస్టు చేస్తాను. కోరుట్లకు తీసుకుపోతే మళ్లీ చింపేస్తాను.

రెండేళ్ల కింద బతుకమ్మ పండక్కి వచ్చి వారం రోజులు మీ ఇంట్లో ఉన్నాను, గుర్తుందా? రోజూ నువ్వు పని నుంచి వచ్చాక పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసుకునేదాన్ని. సాంచాకు పదకొండు రోగాలని చెప్పావు. ఒక్కోదానికి ముందు ఏం చూడాలో, తర్వాత ఏం చేయాలో చెప్పావు. చివరి రోజు బుక్కు మూసి నా చేతికిస్తూ, 'ఇది నీ తాననే ఉంచుకో బిడ్డా, బయట వడనియ్యకు' అన్నావు. సరేనన్నాను.

నిరుడు మా వాళ్లు రిపాజిటరీలో మన వైపు పనులవి కూడా పెడదామన్నారు. ఒకరు పసుపు మార్కెట్ లెక్కల పద్ధతి పెట్టారు. ఒకరు గల్ఫ్ వీసా కాగితాల పద్ధతి పెట్టారు. నా వంతు వచ్చేసరికి నీ నోటుబుక్కు తప్ప నా దగ్గర ఏముంది? మూడు రోజుల్లో దాన్ని స్కిల్‌గా రాశాను. పైన నా పేరే పెట్టాను. నీది పెట్టాలంటే నిన్ను అడగాలి. అడిగితే నువ్వు వద్దంటావు.

ఇంకొకటి ఉంది. నన్ను ఎక్కువగా తినేస్తున్నది అదే. ఏదైనా పెట్టేముందు ఒక ఫారం నింపాలి. అందులో ఆఖరి ప్రశ్న, 'ఈ పని చేతితో చేసేవాళ్లు దీన్ని చదివి సరిచూశారా?' అని. అవును అని టిక్కు పెట్టాను. ఎవరూ చూడలేదు మామా. ఇంకొకరు చదివి ఒప్పుకోవాలన్న నియమం కూడా ఉంది. సునీల్ అని మా బృందంలో ఒకతను చదివాడు. అతనికి సాంచా తెలియదు. నా టిక్కు చూసి ఒప్పుకున్నాడు. తర్వాత దాంతోనే యాప్ చేసి సిరిసిల్లలో నలుగురికి ఉచితంగా ఇచ్చాడు. నాకు చెప్పాడు కూడా. నేను సంతోషపడ్డాను. మీటింగుల్లో అందరూ మెచ్చుకుంటుంటే, మా మామ చెప్పింది అని ఒక్కసారి కూడా నా నోటి నుంచి రాలేదు.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలిసిపోయింది. నాడె చేరకపోతే దెబ్బ పెంచాలి అన్నది రెండో రోగం కింద నేను రాసిన వాక్యమే. అది దాచి నీకు పాఠం చెప్పాను. నాకు సిగ్గుగా ఉంది.

ఆ స్కిల్‌ను రిపాజిటరీ నుంచి ఇవాళే తీసేశాను. సునీల్ యాప్ ఆపేశాడు, పాపం అతను అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. కానీ ఇప్పటికే ముప్పై ఒక్క మంది కాపీలు తీసుకున్నారు. నేను ఇక్కడ తీసేసినా, దిద్దినా వాళ్ల దగ్గరున్నవి మారవు. ఒక్కొక్కరికీ విడివిడిగా రాయాలి. రాయాలంటే ముందు అందులో తప్పేమిటో నాకు తెలియాలి. నోటుబుక్కు నాలుగుసార్లు చూశాను. నువ్వు చెప్పింది చెప్పినట్టే రాశాను. నేను ఎక్కడ తప్పుగా అర్థం చేసుకున్నానో చెప్పు.

తిట్టాలనుకుంటే తిట్టు. ఉత్తరం మాత్రం రాయి.

వనిత


సిరిసిల్ల
17 ఆగస్టు 2025

వనితా,

నెల రోజులు రాయలేదు. నీ మీద కోపంతో కాదు. అత్త అలాగే అనుకుంది, నేనూ అనుకోనిచ్చాను.

నువ్వు తప్పుగా అర్థం చేసుకోలేదు. నేనే పూర్తిగా చెప్పలేదు.

నాడె చేరకపోతే దెబ్బ పెంచాలన్నది నిజమే. కానీ ముందు పికర్‌లో వేలు పెట్టి చూడాలి. నాడెను కొట్టే చిన్న దిమ్మనే పికర్ అంటాం. నాడె ములుకు రోజంతా తగిలి తగిలి అందులో గుంట పడుతుంది. గుంట నడుమ ఉంటే ఫరవాలేదు. పక్కకు పడితే నాడె వంకరగా బయలుదేరుతుంది. అలాంటప్పుడు దెబ్బ పెంచితే అది పెట్టెలోకి పోదు, మనిషి మీదికి వస్తుంది. పికర్ మార్చాకే దెబ్బ ముట్టుకోవాలి. ఈ మాట ఆ రోజు నా నాలుక మీద ఉంది. ఉండగానే ఆపాను.

మాకు అదొక పద్ధతి. నాకు పని నేర్పిన జాబర్ నాకూ ఒక్కో రోగంలో ఒక్కో మాట మిగిల్చి చెప్పేవాడు. మిగిల్చింది నేనే చూసి చూసి పట్టుకున్నాను. అన్నీ చెబితే రేపు మనల్ని ఎవరు పిలుస్తారని మా అందరి భయం. నా దగ్గర నేర్చుకున్న ముగ్గురికీ నేను అలాగే చేశాను. వాళ్లు సాంచా విప్పి, ఎక్కడో ఆగిపోయి, మళ్లీ నా దగ్గరికే వచ్చేవాళ్లు. రాగానే నాకు లోపల సంతోషంగా ఉండేది. నువ్వు కూడా ఎప్పుడో ఒకప్పుడు, మామా ఇది కుదరడం లేదు అని అడుగుతావనుకున్నాను. వచ్చి అడిగితే ఏం పోదు. నీ కాగితం ఎవరినీ అడగలేదు, నేరుగా మూడో సాంచా దగ్గరికి పోయింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. భూమయ్య ఆ రోజే ఫోన్ చూపించాడు. చదివాను. నా మాటలే. నేను వదిలిన చోటే వదిలేసి ఉంది. మొదటి ఉత్తరం రాసేటప్పటికే నాకు తెలుసు. ఇంకెవరిదైనా పేరు నువ్వు రాస్తావేమో, ఎలాగైనా తప్పు వాడిది అవుతుందేమో అని అడిగాను. పేరు కనుక్కో అని నిన్ను గద్దించాను. ముసలితనంలో ఇదేం బుద్ధో.

పికర్ సంగతి రాసి ఆ ముప్పై ఒక్క మందికీ పంపు. నేను దాచానని మాత్రం ఎక్కడా రాయకు. రాసేటప్పుడు నువ్వే మరిచిపోయావని రాయి. శ్రీధర్ వాళ్లు నన్ను మామా అంటారు.

ఐలయ్య


కోరుట్ల
7 సెప్టెంబర్ 2025

మామా,

పికర్ సంగతి అందరికీ పంపాను. ముప్పై ఒక్క మందిలో పంతొమ్మిది మంది జవాబిచ్చారు, దిద్దుకున్నామన్నారు. మిగతావాళ్లకు వారానికోసారి రాస్తున్నాను. నువ్వు దాచావని రాయలేదు. నేను మరిచిపోయానని కూడా రాయలేదు. ఇంకో అబద్ధం నా వల్ల కాదు. ఒక ముఖ్యమైన జాగ్రత్త ఇందులో లేదు, దానివల్ల ఒక మనిషి కంటికి దెబ్బ తగిలింది అని రాశాను.

భివండీ నుంచి ఒకాయన తిరిగి రాశాడు. ఆయన కూడా మన సిరిసిల్ల వైపు మనిషే. 'రెండోది సరే, తక్కిన పది సక్కగ ఉన్నయని ఎవరు చెప్పాలె' అని అడిగాడు. నీ ఉత్తరంలో ఒక్కో రోగంలో ఒక్కో మాట అని ఉంది. అది చదివినప్పటి నుంచి ఇంట్లో ఏ పని చేస్తున్నా మనసు అక్కడే ఉంటోంది. ఆ పది రోగాల కాగితం ఇంకా ముప్పై చోట్ల తిరుగుతోంది మామా. ఇంకెవరి చేయి, ఇంకెవరి కన్ను?

మొన్న గురువారం సిరిసిల్ల వచ్చాను. మీ ఇంటికి రాలేదు, తప్పుగా అనుకోకు. బస్టాండులో దిగి నేరుగా శ్రీధర్ ఇంటికి పోయాను. ఆ కాగితం రాసింది నేనని చెప్పాను. సరిచూశారని అబద్ధపు టిక్కు పెట్టానని చెప్పాను. టిక్కు అంటే ఏమిటో విజయకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. ఆమె లేచి లోపలికి పోయింది, నేను ఉన్నంతసేపూ బయటికి రాలేదు.

శ్రీధర్ మాత్రం కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. 'భూమయ్య మీ మామను పిలుద్దామనే అన్నడు అక్కా. నేనే వద్దంటి. ఆయన అచ్చేదాంక సాంచా ఎందుకు ఆపుడని దెబ్బ వెంచిన' అన్నాడు. తర్వాత, 'ఐలయ్య మామ చెప్తె గిట్ల కాకపోవు' అన్నాడు.

నా వంతు చెప్పాను. నీది నేను చెప్పలేదు. అది నీది. కానీ నువ్వే చెప్పాలని నాకుంది. ఆ మాట అతను మళ్లీ ఎవరితోనూ అనకుండా ఉండాలంటే నువ్వే పోవాలి.

పదకొండూ కొత్తగా రాయాలనుకుంటున్నాను. సరిచూసిన మనిషి పేరు ఉంటేనే పెడతాను. లేకపోతే పెట్టను, కాపీలు ఉన్నవాళ్లను వాడవద్దని రాసేస్తాను. అది నీ ఇష్టం.

ఇరవై రెండున అతనికి రెండో ఆపరేషన్.

వనిత


సిరిసిల్ల
14 అక్టోబర్ 2025

వనితకు,

శ్రీధర్ ఎడమ కన్నుకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. ఇక ఇంతేనని డాక్టర్లు చెప్పేశారు. సాంచాల మీదికి రానివ్వను, కండెల దగ్గర కూర్చో అన్నాడు భూమయ్య. నాలుగు సాంచాలు నడిపిన మనిషి ఇప్పుడు నూలు కండెలు చుడుతున్నాడు.

నిన్న పోయాను. గల్లీ మొదట్లో ఆగకుండా పోవాలని తల వంచుకుని నడిచాను. విజయ కుర్చీ వేసింది. కూర్చోలేదు. కూర్చుంటే వాన గురించి మాట్లాడతానని నాకు తెలుసు. నిలబడే చెప్పాను. పికర్ మాట నాకు తెలుసు, వనితకు చెప్పలేదు, మరిచిపోయి కాదు, కావాలనే చెప్పలేదు అన్నాను.

సాంచాల మోతలో బతికినవాళ్లం, పెదవులు చూసి మాట పట్టుకుంటాం. విజయ ఏదో అంది, నేను అటు చూడలేదు. చూసి ఉంటే ఏమందో తెలిసేది. కొన్ని మాటలు తెలియకపోవడమే మంచిదనిపించింది.

తర్వాత శ్రీధర్ నా ముఖానికి ఎదురుగా జరిగి, 'తక్కిన పదిట్ల ఏం దాచినవ్' అని అడిగాడు.

అదొక్కటే అడిగాడు. కూతురి నోటుబుక్కులోంచి కాగితాలు చింపి పట్టుకుని కూర్చున్నాడు. తల ఎడమకు తిప్పి, కుడి కన్ను కాగితం మీద పెట్టి రాస్తున్నాడు. గీత వంకర పోతే కొట్టేసి మళ్లీ రాస్తున్నాడు. పడుగు పోగులు ఊరికే తెగుతుంటే ముందు పోగులు దూరే అచ్చు పళ్లకు గోరు ఆనించి గరుకు ఎక్కడుందో చూడాలని చెప్పాను. నీకు పడుగు చుట్టిన బీము బరువు తగ్గించాలని మాత్రమే చెప్పి ఊరుకున్నాను. బట్టలో పట్టీలు పడితే పళ్ల చక్రం మార్చేముందు బేరింగు ఊగుతోందేమో చూడమన్నాను. నాడె నడుమ చిక్కుకున్నప్పటిది కూడా చెప్పాను. నీకు చెప్పేటప్పుడు అన్ని రోగాల్లోనూ దాచలేదు, అతనికి చెప్పినవి మొత్తం మూడు. ఒక్కోటి చెబుతుంటే అతను తలెత్తి నన్ను చూసేవాడు. ఆ చూపులో కోపం ఉందో ఏముందో, ఆ ఒక్క కన్ను చూసి నాకు తెలియలేదు.

'ఇగ అయిపోయినయా' అన్నాడు. అయిపోయాయన్నాను.

బయటికి వచ్చి గల్లీ చివరిదాకా నడిచాను. వనితా, ఇంకొకటి ఉంది. తొమ్మిదో రోగంలో. వానాకాలం పొద్దున బీముకు పెట్టిన బరువు మధ్యాహ్నానికి ఎంత మార్చాలో చెప్పేది. దాన్ని అరచేయి వెనకవైపుతో పడుగును తాకి తెలుసుకోవాలి. నాకు పని నేర్పినాయనకు కూడా అది తెలియదు. పదమూడు వానాకాలాలు చూసి నేను పట్టుకున్నది. అది చెప్పకపోయినా ఎవరి కన్నూ పోదు, బట్ట కొంచెం వదులవుతుంది, అంతే. ఇదొక్కటి నాకు ఉండనీ అనుకున్నాను. నలభై ఏళ్ల పనికి ఒకటైనా మిగలకూడదా అనుకున్నాను.

కానీ రేపు నువ్వు ఆ కాగితం కింద, సరిచూసినవారు ఐలయ్య, జాబర్, సిరిసిల్ల అని రాస్తావు. నేనే రాయమంటున్నాను, రాయి. నేను దాచిన సంగతి కూడా రాయి. అలా రాశాక ముప్పై చోట్ల చదివేవాళ్లు దాన్ని నమ్ముతారు. శ్రీధర్ కూడా నమ్ముతాడు. ఆ మనిషికి నేను ఇప్పుడే ముఖం మీద అబద్ధం చెప్పి వచ్చాను.

తిరిగి పోయాను. తలుపు తీసే ఉంది. శ్రీధర్ కూర్చున్న చోటే ఉన్నాడు. కాగితాలు మడవలేదు, పెన్ను మూత పెట్టలేదు.

'నాకెర్కనే, ఇంకోటి ఉంటదని. కూసో' అన్నాడు.

ఈసారి కూర్చున్నాను.

ఐలయ్య